ఎలపట, దాపట

వనపర్తి నుంచి మల్దకల్ పోవాలంటే పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు తిరగాలి. గద్వాల దాటాక అయిజ రోడ్డు. మార్గశిరంలో తిమ్మప్ప జాతర సాగే రోజుల్లో ఆ రోడ్డు మీద డీసీఎంలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఒక్కోదాంట్లో జొన్న చొప్ప పరిచి రెండు ఎద్దులు, వాటి కాళ్ల దగ్గరే గొంగడి కప్పుకొని ఒక మనిషి. అవి కనబడగానే నాకు ఇంక ఆగబుద్ధి కాదు. నేనెన్నడూ పోటీకి ఎద్దులు కట్టలేదు. చూసేవాణ్ణి మాత్రమే. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా.

బండలాగుడు అనగానే ఎవరి బలం ఎక్కువో తేల్చే పోటీ అనుకుంటారు. నిజానికి గడియారానికీ టేపుకూ మధ్య జరిగే ఆట ఇది. విభాగాన్ని బట్టి 10 నుంచి 20 నిమిషాల సమయం ఇస్తారు. ఆ లోపు రాతిబండను బరి ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి, ఎన్నిసార్లు లాగితే అన్నిసార్లు. గంట కొట్టగానే బండ ఎక్కడుందో అక్కడికి కొలిచి, మొత్తం దూరం అడుగులు, అంగుళాల్లో చెబుతారు. రెండు మూడు అంగుళాల తేడాతో బహుమతి చేజారిన జతలను చూశాను. విభాగాలు కట్టేది పండ్లను బట్టి. పాలపండ్ల కోడెలు, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి, ఆపైన సీనియర్లు. పశువుకు పాలపండ్లు ఊడి శాశ్వతమైనవి జతలుగా వస్తాయి కాబట్టి నోరు తెరిచి చూస్తే వయసు తెలుస్తుంది. పుట్టినరోజు కాగితం అక్కర్లేదు.

చూడడం నాకు నేర్పింది మా పెద్దనాయన. మొదటిసారి ఆయన భుజం పట్టుకొని తాడు వెనక నిలబడ్డప్పుడు నా చూపంతా బండ మీదే.

"బండను ఏం జూస్తవ్‌ రా? కాడిని జూడు" అన్నాడు.

"కాడిల ఏముంది పెద్దనాయనా?"

"అండ్లనే ఉంది అంతా."

కాడికి కుడివైపు కట్టేది ఎలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. రెండూ ఒక్కసారే మెడ ఆనిస్తే కాడి త్రాసు కర్రలా సమంగా నిలుస్తుంది. ఒకటి తొందరపడితే కాడి ఏటవాలుగా తిరుగుతుంది. అప్పుడు బరువంతా ఒక మెడ మీద పడి, రెండోది ఊరికే నడుస్తుంది. ఆగి ఉన్న బండను కదిలించడమే కష్టం. కదిలినదాన్ని సాగించడానికి అంత బలం పట్టదు. అందుకే తోలేవాడు గంట కొట్టగానే అరవడు. రెండు ఎద్దుల మెడలూ కాడికి ఆనేదాకా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, అప్పుడు అదిలిస్తాడు. ఆ ఒక్క క్షణం మైదానమంతా ఊపిరి బిగబడుతుంది. బండ కింద మట్టి కరకరమని నలిగిన చప్పుడు వచ్చాక గానీ జనం ఈల వేయరు.

మలుపు ఇంకా అందమైనది. బరి చివర ఎడమకు తిరిగేటప్పుడు దాపటెద్దు దాదాపు నిలబడ్డచోటే అడుగులు మార్చుకోవాలి. ఎలపటిది పెద్ద అంగలేసి చుట్టూ రావాలి. లోపలిది ఓర్చుకోకపోతే బండ అడ్డం తిరిగి నిమిషం పోతుంది. పొద్దున్నుంచి ఎండలో కూర్చున్న ముసలి రైతులు చప్పట్లు కొట్టేది వేగానికి కాదు, ఈ ఓర్పుకు. మొదటి రెండు రౌండ్లు ఉరికించి చివర్లో చతికిలబడ్డ జత కంటే మొదటి నుంచీ ఒకే నడక పట్టిన జత మీదే వాళ్ల గురి. వాళ్ల అంచనా ఎక్కువసార్లు తప్పదు.

ముల్లుగర్రతో పొడిచి లాగించేవాళ్లను మాత్రం నేను క్షమించలేను. ఎద్దు వీపు మీద నెత్తురు కనబడితే ఆ జత ఎన్ని అడుగులు లాగినా దాన్ని తోలిన చెయ్యి పనికిమాలినదే. గొంతుతో, పలుపుతో తోలే మనుషులు ఉన్నారు, గెలుస్తున్నారు. మిగిలినవాళ్లకు ఆ బరిలో చోటుండకూడదు.

దుక్కి దున్నే పని ట్రాక్టరుకు పోయింది. ఎలపట, దాపట అనే మాటలు మా ఊరి పిల్లలకు తెలియవు. ఏ కోడె ఏ పక్కకు సరిపోతుందో, దేనికి ఎన్ని ఉలవలు పెట్టాలో, ఏది దేనితో కలిసి నడుస్తుందో తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారంటే ఈ పోటీల వల్లే. శనివారం పెబ్బేరు సంతకు పోయి చూడండి. జత కోసం వచ్చినవాడు ఒక ఎద్దును పట్టుకొని పొద్దంతా తిరుగుతాడు, దాని పక్కన నిలబెట్టదగినది దొరికేదాకా.

జతకూ జతకూ మధ్య బండను సరిచేసే వేళ మైకులో పాట వేస్తారు. అదీ నాకు పోటీలో భాగమే. షికాగోలో ఉన్న మా మేనల్లుడు ఒకసారి ఫోన్లో చెప్పాడు, అక్కడి బేస్‌బాల్ ఆటలో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి నిలబడి ఒక పాత పాట పాడతారట. 1908 నాటి పాట అది. ఆ ఊళ్లోని రిగ్లీ మైదానంలో 1941లోనే ఆర్గాన్ వాయించారు. "మన జాతరలెక్కనే ఉంటది మామా" అన్నాడు. అవును, చాలాసేపు కూర్చుని చూసే ఆట ఎక్కడున్నా దానికి పాట కావాలి.

2021 తర్వాత మా మైకుల్లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట తరచుగా వినబడుతోంది. తమన్ బాణీ, రామజోగయ్య శాస్త్రి మాట. కానీ అది మొదలయ్యే గొంతు మాది. దర్శనం మొగులయ్య గారిది నాగర్‌కర్నూల్ జిల్లా, లింగాల మండలం, అవుసలికుంట. చేతిలో పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ గొంతు మైకులో లేవగానే, బరి పక్కన బీడీ కాలుస్తున్నవాళ్లు కూడా తలెత్తుతారు.

నేను కిన్నెరను దగ్గరగా చూసింది చిన్నప్పుడు, నాగర్‌కర్నూల్ వైపు బంధువుల ఊళ్లో. డక్కలి కళాకారుడొకాయన మా అరుగు మీద కూర్చున్నాడు. వెదురు దండె, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, అలంకారానికి నెమలీకలు. దండె మీద తేనెమైనంతో అతికించిన మెట్లు. పూర్వం వాటిని అలుగు పెంకులతో చేసేవాళ్లు. అలుగు ఇప్పుడు చట్టం రక్షించే జంతువు. తీగె ఒక మెట్టు మీద నొక్కితే ఒక స్వరం, పన్నెండు మెట్లకు పన్నెండు. అంత కొద్ది సొత్తుతో పండుగ సాయన్న కథ రాత్రి పొడుగునా సాగింది. పాలమూరులో ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన సాయన్న.

ఆ రాత్రి నాకు అర్థం కానిది మల్దకల్‌లో అర్థమైంది. ఆయన పాడుతుంటే తీగె గొంతుతో పాటే నడిచేది. చరణం చివర గొంతు ఆగితే, తీగె ఆ చివరి మాటను ఒక్కటే ఎత్తుకొని సాగదీసేది. గొంతు ఆ కాసేపట్లో ఊపిరి తీసుకునేది. ఒకటి మలుపు తిరుగుతుంటే ఇంకొకటి ఓర్చుకునేది. ఏది ఎలపట, ఏది దాపట అని అడిగితే ఈ రోజుకూ చెప్పలేను. సినిమా పాటలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాక ఆ జత కనబడదు. మొదటి కొద్ది క్షణాల్లోనే దొరుకుతుంది. అందుకే ఆ పాట మొదలు మళ్లీ మళ్లీ వింటాను.

పోయినసారి చీకటి పడ్డాక మైదానం చివరికి నడిచాను. ఓడిన జత ఒకటి వేపచెట్టు కింద ఉంది. తోలినాయన దాపటెద్దు మెడ మీద కాడి ఒరుసుకున్నచోట అరచేత్తో మెల్లగా రుద్దుతున్నాడు.

"ఎన్ని అడుగులొచ్చినయ్ తాతా?" అనడిగాను.

"దీనికి ఇయ్యాల పాణం బాగలేకుండె నాయనా" అన్నాడు. అడుగులు చెప్పలేదు.

దూరంగా మైకులో ఆ గొంతు లేచింది. దాపటిది ముందు పడుకుంది. ఎలపటిది కాసేపు నిలబడి, చొప్ప ఒక నోరు అందుకొని, దాని పక్కనే మోకాళ్లు వంచింది.