పనికీ ఉద్యోగానికీ మధ్య: రెండు భాషల్లో ‘ఆకలి రాజ్యం’

కె. బాలచందర్ ఒకే కథను కొద్ది వారాల తేడాతో రెండు భాషల్లో ప్రేక్షకుల ముందుంచారు. 1980 నవంబరులో తమిళంలో ‘వఱుమైయిన్ నిఱం సివప్పు’ వచ్చింది. 1981 జనవరిలో తెలుగులో ‘ఆకలి రాజ్యం’ వచ్చింది. తర్వాత 1983లో హిందీలో ‘జరా సీ జిందగీ’గా మళ్లీ తీశారు. ఈ చిత్రం గురించి తెలుగులో రాసినవారు సాధారణంగా శ్రీశ్రీ కవిత్వాన్ని, ఆత్రేయ పాటను, గణేశ్ పాత్రో సంభాషణలను, కమల్‌హాసన్ నటనను ప్రస్తావించి ఊరుకుంటారు. అవన్నీ ప్రస్తావించదగినవే. కాని, ఢిల్లీ వంటి మహానగరంలో పని, ఆదాయం, పేదరికం అనే మూడింటిని గురించి ఈ చిత్రం ఏమంటున్నది, ఆ అన్నదాన్ని రెండు భాషలూ ఒకే విధంగా అంటున్నాయా అన్న ప్రశ్న మిగిలే ఉంది. చెన్నైలో తెలుగు ఇంట పుట్టి తమిళ బడిలో చదివిన నాకు మొదట పదేళ్ల వయసులో తమిళ చిత్రమే పరిచయం. తెలుగు చిత్రాన్ని చాలా ఏళ్ల తర్వాత చూశాను. చూసినప్పుడు కథ తెలిసినదే అయినా ఎక్కడో అడుగు తడబడినట్లయింది. ఆ తడబాటుకు కారణం ఒక మాట దగ్గర ఉందని తర్వాత తోచింది.

ముందు పేర్లను చూద్దాం. తమిళ శీర్షికకు అర్థం ‘పేదరికపు రంగు ఎరుపు’. వఱుమై అనేది ఒక స్థితి. ఎండిపోవడం అనే అర్థంగల ధాతువునుంచి వచ్చిన మాట. మన ‘వానా వరపూ’ జంటలోని వరపు (పాత రూపం వఱపు) దీనికి జ్ఞాతి. నేల ఎండితే మనకు వరపు, బతుకు ఎండితే వాళ్లకు వఱుమై. తెలుగు శీర్షిక మాత్రం స్థితిని వదిలి శరీరాన్ని పట్టుకుంది. ఆకలి అనేది కడుపులో పుట్టేది, అన్నంతో తీరేది. పేదరికం అన్నంతో తీరదు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గాని, చిత్రం చివర దాని ప్రభావం తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకో మాటలో ఉంది. తమిళంలో ‘వేలై’ అనే ఒక్క మాట మనం పని అనేదానికీ ఉద్యోగం అనేదానికీ చెల్లుతుంది. ఆఫీసులో గుమాస్తా చేసేదీ వేలే, ఇంట్లో అంట్లు తోమేదీ వేలే. కన్నడంలో ‘కెలస’ కూడా ఇంచుమించు అంతే. తెలుగు ఈ అర్థక్షేత్రాన్ని రెండుగా చీల్చుకుంది. ‘పని లేదు’ అంటే తోచడం లేదని, ఖాళీగా ఉన్నానని. ‘ఉద్యోగం లేదు’ అంటే జీవనాధారం లేదని. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. భారతంలోని ఉద్యోగపర్వం ఆ అర్థంలోదే. హిందీవారు దాన్ని పరిశ్రమకు పెట్టుకున్నారు. మనం మాత్రం కుర్చీకీ, నెలజీతానికీ కుదించి, ‘ఉద్యోగం పురుషలక్షణం’ అన్న నానుడిని కూడా ఆ కుదించిన అర్థంలోనే వాడుకుంటున్నాం. నిరుద్యోగి అన్న మాట ఈ కుదింపునుంచి పుట్టిందే. ఉద్యోగానికి అర్హత ఉన్నవాడే నిరుద్యోగి కాగలడు. చదువులేని మనిషి పని దొరక్క అడ్డాలో నిలబడితే అతన్ని నిరుద్యోగి అనడానికి నోరు రాదు.

ఇటీవలి ఉదాహరణ ఒకటి చెప్పుకోవచ్చు. 2014లో తమిళంలో ‘వేలైయిల్లా పట్టదారి’ అనే చిత్రం వచ్చింది. ఉద్యోగం లేని పట్టభద్రుడు అని అర్థం. (తమిళ పట్టదారి డిగ్రీ ఉన్నవాడు, మన పట్టాదారు పొలం ఉన్నవాడు. ఒకరి పట్టా రెండోవారికి ఎంత పనికివస్తుందో వేరే చెప్పనక్కరలేదు.) అదే చిత్రం 2015లో తెలుగులోకి అనువదితమై ‘రఘువరన్ బి.టెక్’ అయింది. లేని వేలై శీర్షికనుంచి పోయింది, ఉన్న డిగ్రీ నిలిచింది.

ఇప్పుడు కథకు వద్దాం. చదువుకున్న యువకుడు రంగా, అతని మిత్రులు ఢిల్లీలో ఉద్యోగాల కోసం తిరుగుతుంటారు. ఇంటర్వ్యూల్లో రంగా తలవంచడు. తమిళంలో భారతిని, తెలుగులో శ్రీశ్రీని ఆశ్రయిస్తాడు. తిండి లేని రోజున ఖాళీ పళ్లెం ముందు విందు ఆరగిస్తున్నట్లు నటించే ఘట్టం ఉంది. తెలుగు తెర మీద మధ్యతరగతి పరువు ఎంత ఖరీదైనదో అంత సూటిగా చూపిన ఘట్టాలు తక్కువ. ఆకలి అక్కడ రహస్యం. ఆకలిగా ఉందని పొరుగువారికి తెలియడం ఆకలికంటే పెద్ద కష్టం. బాలచందర్ ప్రతిభ అంతా అక్కడ ఉందని నా అభిప్రాయం.

అయితే ఆ ఘట్టమే చిత్రం హద్దును కూడా చూపిస్తుంది. ఇది దాచుకోగల ఆకలి. దాచుకునే అవకాశం లేనివారి ఆకలి ఇందులో లేదు. జాతీయ నమూనా సర్వే 1972-73నుంచి నిరుద్యోగాన్ని కొలవడానికి వాడుతున్న నిర్వచనాలు చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. వారం లెక్క ప్రకారం, గడచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక గంట పని చేసినా ఆ మనిషి పనిలో ఉన్నట్లే. ఈ లెక్కన రంగా నిరుద్యోగి. రంగా ఉన్న వీధిలో వారానికి రెండు పూటలు మూట మోసి పస్తులున్నవాడు నిరుద్యోగి కాడు. 2023-24 శ్రామికశక్తి సర్వేలో దేశపు పట్టణాల నిరుద్యోగిత 5.1 శాతమని తేలింది. మన పట్టణాల్లో పేదలు అంతకంటే ఎంతో ఎక్కువమంది అని చెప్పడానికి సర్వే అక్కరలేదు. పేదవాడికి నిరుద్యోగం భరించే తాహతు ఉండదు, ఏదో ఒక పని చేసి తీరాలి. నిరుద్యోగం వేరు, పేదరికం వేరు, వాటి కలయిక ఎక్కడో కొంతమేర. ‘ఆకలి రాజ్యం’ ఆ కొంతమేరను తీసుకుని రాజ్యమంతా అదే అనిపించింది.

పేదరికాన్ని కొలిచేవారూ పని గురించి అడగరు. 2011లో సుప్రీంకోర్టు ముందు ప్రణాళికా సంఘం పట్టణాల్లో తలకు రోజుకు 32 రూపాయల గీతను పెట్టినప్పుడు దేశమంతా నవ్వింది. 2014లో రంగరాజన్ కమిటీ 2011-12 ధరల్లో దాన్ని నెలకు 1407 రూపాయలకు, అంటే రోజుకు 47కు జరిపింది. రెండూ ఖర్చు లెక్కలే. ఆ రూపాయలు ఏ పనివల్ల వచ్చాయి, రేపు వస్తాయా రావా అన్నది ఆ గీతలో ఇమడదు. తెలుగు సాహిత్యం ఈ ప్రశ్నను వేయకపోలేదు. రావిశాస్త్రిగారి ‘ఆరు సారా కథలు’లోని మనుషులకు ఉద్యోగాలు లేవు గాని రాబడి ఉంది, ఆ రాబడికి పోలీసు వాటా ఉంది. ముళ్లపూడి ‘ఋణానందలహరి’లో ఆదాయం స్థానాన్ని అప్పు ఆక్రమించింది. ఇవి హాస్యవ్యంగ్యాల కింద జమ కావడంవల్ల వీటిలోని లెక్కలను మన విమర్శకులు అంతగా పట్టించుకోలేదు.

చిత్రాంతంలో రంగా క్షౌరశాలలో పనికి కుదురుతాడు. సంప్రదాయాన్ని పట్టుకున్న తండ్రి అతన్ని అక్కడ చూస్తాడు. శ్రమ గౌరవానికి దీన్ని ఉదాహరణగా చెప్పడం వాడుక. తమిళంలో ఈ ముగింపు ఒక మేరకు నిలబడుతుంది. రంగా మొదటినుంచి వెతికింది వేలై, చివరికి దొరికినదీ వేలై. మాట మారలేదు, మారింది అతని చూపు. తెలుగులో అలా కాదు. అతను వెతికింది ఉద్యోగం, దొరికింది పని. కథంతా దేనికోసం నడిచిందో దాన్ని వదులుకుని ఇంకొకదానితో సరిపెట్టుకున్నట్లు తెలుగు చెవికి వినిపిస్తుంది. నా తడబాటు ఇక్కడిదే. పాత్రోగారి సంభాషణల లోపం కాదిది, భాష చేసిన చీలికను ఏ రచయితా ఒక చిత్రంలో పూడ్చలేడు.

రెండు భాషలకూ చెందే లోపం ఒకటుంది. దాన్ని చెప్పక తప్పదు. చదువుకున్న కుర్రవాడు కత్తి పట్టడం త్యాగమైతే, తరతరాలుగా ఆ కత్తి పట్టినవారిది ఏమిటి? ఆ వృత్తి మన సమాజంలో కులంతో ముడిపడినది. పెళ్లి పందిట్లో మంగళవాద్యం వాయించిన చేతులే మరునాడు గడ్డాలు గీసినవి. రంగా ఆ కొట్లో నిలబడితే అది కథ, ఆ వృత్తిలోనే పుట్టినవాడు నిలబడితే అది మామూలు. నెలకెంత మిగులుతుంది, దానితో ఢిల్లీలో గది అద్దె గడుస్తుందా అన్న వైపు చిత్రం దృష్టి నిలపదు. గౌరవం దక్కింది కనుక ఆకలి తీరినట్లే భావించింది. ‘ఆకలి’ అన్న శీర్షికకు అది చాలవచ్చు, ‘వఱుమై’కి చాలదు.

ఎం.ఏ. తరగతిలో ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పిన ఒక ఏడాది, ఉత్తర చెన్నైనుంచి వచ్చే విద్యార్థిని ఒకమ్మాయి లేచి, “మా అమ్మకు ఇరవై ఏండ్లుగా పని ఉంది సార్, ఉద్యోగమే లేదు” అన్నది. వాళ్లమ్మ వీధులు ఊడుస్తుంది. చెన్నై పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్నవారిలో తెలుగు మాట్లాడే ఆది ఆంధ్ర, అరుంధతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ శాఖలో పాఠం చెప్పే మేము కూడా వారిని మాండలిక సామగ్రి ఇచ్చేవారుగానే ఎక్కువకాలం చూశాం. ఆ అమ్మాయి మాటకు ఆధారం చట్టంలోనే ఉండేది. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజికి తెలపాలన్న 1959 చట్టం కొన్నింటిని మినహాయించింది. ఇంటిపని ఒకటి. నైపుణ్యం అక్కరలేని ఆఫీసు పని ఒకటి. ఆ రెండోదానికి ఇచ్చిన జాబితాలో దఫ్తరీ, జమాదారు, బంట్రోతు, వాచ్‌మన్‌లతో పాటు ఊడ్చేవారు కూడా ఉండేవారు. వారి ఖాళీని ఖాళీగా తెలపనక్కరలేదని శాసనమే అన్నది. రంగా వంటివారి పేర్లు ఆ ఎక్స్చేంజి రిజిస్టర్లలో నిండాయి.

పని ఉద్యోగం కావడానికి పనిలో మార్పేమీ అక్కరలేదు, కాగితం మారితే చాలు. 2025 మే 1న బెంగళూరులో పన్నెండు వేలకు పైగా పౌరకార్మికులకు ప్రభుత్వం నియామక పత్రాలిచ్చింది. మరునాడు వారు ఊడ్చింది ఆ వీధులనే. అదే ఏడాది ఆగస్టు 1నుంచి చెన్నైలో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్య కార్మికులు తమ పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు ఇవ్వవద్దనీ, తమను ఖాయం చేయమనీ కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు కూర్చున్నారు. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వారిని అక్కడినుంచి తొలగించారు.

వారి నినాదం ‘పణి నిరందరం’. తమిళ పణి, మన పని ఒకే మూలానివి. మనం పనిని పనిమనిషి దాకా దించితే తమిళులు పణిని ‘అరసుప్ పణి’ దాకా, అంటే ప్రభుత్వోద్యోగం దాకా ఎత్తారు. వాళ్ల పనిమనిషి వేలైకారి. ఊడ్చేవారికి ప్రభుత్వం పెట్టిన పేరులోనూ ‘పణియాళర్’ ఉంది. మాట ఎత్తుకు ఎదిగింది, కొలువు ఎదగలేదు.

ఆ నెలలో నా విద్యార్థులకు ఈ నినాదాన్ని తెలుగు చేయమని ఇచ్చాను. ఒకరు ‘ఉద్యోగ భద్రత’ అని రాశారు. అది పత్రికాభాష, ఉద్యోగం ఉన్నవారి కోరిక. ఇంకొకరు ‘శాశ్వత నియామకం’ అన్నారు. అర్థం దగ్గరగానే ఉంది గాని అందులో పణి లేదు. ఒక కుర్రవాడు మాత్రం వర్ణాలు మార్చి, మాటకు మాటగా ‘పని నిరంతరం’ అని రాసి తెచ్చాడు. తమిళంలో నిరందరం అంటే శాశ్వతమని, తెలుగులో నిరంతరం అంటే ఎడతెగనిదని అతనికి తెలియదు. తప్పు కింద గీత గీశాను. మార్కు తగ్గించడానికి మాత్రం చాలాసేపు చెయ్యి రాలేదు.