కథ ఆగేచోట హోమర్, జాయిస్

జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ను 1922లో పారిస్‌లో సిల్వియా బీచ్ అచ్చు వేయించిన నాటినుంచీ విమర్శకులు దానికీ హోమర్ ‘ఒడిస్సీ’కీ జతలు కలుపుతూనే ఉన్నారు. అక్కడ ఒంటికన్ను రాక్షసుడైతే ఇక్కడ డబ్లిన్ సారాకొట్టులో నోరుపారేసుకునే జాతీయవాది. వాడు కొండరాయి విసిరితే వీడు బిస్కెట్ల డబ్బా విసురుతాడు. ఈ పోలికలు జాయిస్ ఉద్దేశించినవే. నాకు మాత్రం ఈ రెంటి చుట్టరికం కథ చెప్పే తీరులో ఎక్కువగా కనిపిస్తుంది.

ఒడిస్సీ మొదటి నాలుగు సర్గల్లో కథానాయకుడు ఒడిస్సియస్ కనిపించడు. కొడుకు టెలిమకస్ ఆరాటమే నడుస్తుంది. అలాగే యులిసిస్ మొదటి మూడు అధ్యాయాలూ స్టీఫెన్ అనే కుర్రాడివి. కథానాయకుడు బ్లూమ్ నాలుగోదానిలో గానీ రాడు. ఒడిస్సియస్ సాహసాల్ని హోమర్ వరసగా చెప్పక, పరాయి రాజు కొలువులో అతని నోటనే చెప్పించాడు. సూతుడి నోట వైశంపాయనుణ్ణీ, వైశంపాయనుడి నోట భారతాన్నీ విన్న మనకు ఈ అల్లిక కొత్తకాదు. జాయిస్ ఒక అధ్యాయాన్ని నాటకంగా, ఇంకొకదాన్ని ప్రశ్నోత్తరాలుగా రాశాడని బెదిరేవాళ్లు యక్షప్రశ్నల్ని ఒకసారి తలుచుకోవాలి.

ఒడిస్సీ పందొమ్మిదో సర్గ చూడండి. బిచ్చగాడి వేషంలో ఇల్లు చేరిన ఒడిస్సియస్ కాళ్లు కడుగుతూ ముసలిదాది యూరిక్లియా మోకాలి పైన మచ్చను తడిమి గుర్తుపడుతుంది. సరిగ్గా అక్కడ హోమర్ కథ ఆపేస్తాడు. డెబ్బైకి పైగా పంక్తుల్లో ఆ మచ్చ పుట్టుక చెబుతాడు: తాత ఇంటికి వెళ్లడం, పార్నాసస్ కొండమీద వేట, పంది కోర పోటు. అంతసేపూ కాలు దాది చేతిలోనే ఉంటుంది. ఆ తర్వాతే జారి పళ్లెంలో పడుతుంది. కంచు మోగి నీళ్లు ఒలికిపోతాయి.

ఇటు బ్లూమ్ మధ్యాహ్నం డేవీ బర్న్ కొట్టులో జున్ను శాండ్‌విచ్ తింటూ బర్గండీ ద్రాక్షసారా తాగుతుంటాడు. కిటికీ అద్దంమీద రెండు ఈగలు అతుక్కుని ఉంటాయి. సారా వెచ్చదనం నాలుకమీద పాకగానే హౌత్ కొండమీద భార్య మోలీతో పడుకున్న రోజు, ఆమె నోటినుంచి అతని నోటికి వచ్చిన కేకుముక్క తిరిగొస్తాయి. ఆ తలపు ముగిశాక మళ్లీ అద్దంమీద అవే ఈగలు. హోమర్ పళ్లెం చేసిన పనే ఇక్కడ ఈగలు చేశాయి.

అయితే హోమర్‌లో గతాన్ని కవి తానే తెరిచి, తాపీగా, మరుగేమీ లేకుండా వెలుగులో పరుస్తాడు. ‘మిమెసిస్’లో విమర్శకుడు ఆవెర్‌బాక్ ఈ మచ్చ ఘట్టం గురించి అన్నదీ అదే. జాయిస్‌లో కవి పక్కకు తప్పుకుంటాడు; ఎవరూ పరిచయం చేయని గతం తుంపులు తుంపులుగా మనిషి ఒంట్లోంచే ఊరుతుంది. హోమర్ శ్రోతకు ఆసరా ఇస్తాడు, జాయిస్ పాఠకుణ్ణి నమ్ముతాడు. రెండూ గొప్ప మర్యాదలే.

ఇల్లు చేరాక దారులు ఇంకా విడిపోతాయి. బతికున్న ఆలివ్ చెట్టు మోడునే కోడుగా మలిచి ఒడిస్సియస్ చేసుకున్న మంచం కదలదు. ఆ రహస్యంతోనే భార్య పెనెలొపీ మొగుణ్ణి పరీక్షిస్తుంది. అతనప్పటికే ఆమెకోసం ఎగబడ్డవాళ్లందర్నీ చంపేశాడు. బ్లూమ్ ఎవర్నీ చంపడు. పక్కమీద మరో మగాడు పడుకున్న ఆనవాలు చూసి, అసూయపడి, చివరికి సమాధానపడి, అదే పక్కమీద మేనువాలుస్తాడు. నాకు ఇద్దరి వీరత్వమూ ఒప్పుదలే.

ఆ రాత్రి ఒడిస్సియస్ దంపతుల ముచ్చట కోసం దేవత ఎథీనా తెల్లవారకుండా ఆపుతుంది. అయినా పెనెలొపీ తన ఇరవయ్యేళ్ల కష్టం చెప్పుకున్నదాన్ని హోమర్ నాలుగైదు పంక్తుల్లో దాటేశాడు. జాయిస్ చివరి అధ్యాయమంతా మోలీకే ఇచ్చాడు. ఎనిమిది మహావాక్యాల్లో, కామాలూ ఫుల్‌స్టాపులూ దాదాపుగా లేకుండా, మధ్యలో ఏ మగాడూ అందుకోకుండా ఆమె తలపులే పుస్తకం ఆఖరిదాకా సాగుతాయి.