గాటు వయసెంత?

ప్రతినాయకుడి చెంపమీద గాటు మీకు కొత్త కాదు. ఈ ఆహార్యాన్ని విమర్శించేటప్పుడు ‘సహజంగా ఉందా?’ అని ఊరుకోకండి. ఆ గాయం వయసెంతో అడగండి. తాజా గాయం ఎర్రగా ఉబ్బి ఉంటుంది. ఏళ్లు గడిచిన గాటు ఎరుపు తగ్గి, చాలాసార్లు లోపలికి కుంగుతుంది. కొలోడియన్ అనే ద్రవం పూస్తే అది ఆరుతూ చర్మాన్ని దగ్గరికి లాగి ఆ కుంగుడు తెస్తుంది. ద్రవ లేటెక్స్ పొరలతో ఉబ్బెత్తు మచ్చ వస్తుంది. పదేళ్లనాటి కత్తివేటని కథ చెబుతుండగా ముఖాన ఎర్రరంగు మెరుస్తోందంటే, మేకప్ వేసినవారు కథ వినలేదన్నమాట!

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఆరుబయట చిత్రీకరణ కంటపడితే కాసేపు ఆగి చూడండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో లేటెక్స్ అంచు దాగదు. సురభి నాటకానికి ఈ చిక్కు లేదు. వెనుక వరుసకూ కనబడాలి కనుక అక్కడ ముదురు గీతే సరైనది.

నా అసలు అభ్యంతరం వేరు: మచ్చను దుర్మార్గానికి గుర్తుగా వాడటం. 2020 నాటి హిందీ చిత్రం ‘ఛపాక్’లో ఆమ్లదాడి మచ్చలు కథానాయికవి. దీపికా పదుకొణె ముఖంపై అవి శస్త్రచికిత్స తరువాత శస్త్రచికిత్సకు మారుతూ వస్తాయి. మన ప్రతినాయకుల్లో చాలామంది గాటు ఎప్పటిదో, ఎవరు పెట్టిందో సినిమా అయిపోయినా తెలియదు.