పాతపేరు పక్కనే ఉంటే పేరు మారినట్టేనా?

మా నాయన పేరు ఎల్లయ్య. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో మాత్రం ఎల్లిగాడు. బళ్లో చేర్చుకున్న రోజున పంతులుగారు, ఊరి పెద్దలు పిలిచే పిలుపునే రిజిస్టర్‌లోకి ఎక్కించారు. యూనివర్సిటీ దాకా ఆ ‘గాడు’ నా వెంటే వచ్చింది. అందుకే పేర్ల మీద కోర్టులిచ్చే తీర్పుల్ని మనం మన బతుకుల్లోంచి చదవాలి.

2023 మేలో ఢిల్లీ హైకోర్టు తీర్పొకటి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి ఇంటిపేరు ‘మోచి’. చెప్పులు కుట్టే కులం పేరది. ఆ పేరుతో పడిన అవమానాలు చాలనుకుని ఆయన ‘నాయక్’ అని మార్చుకున్నాడు. గెజిట్‌లోనూ వేయించాడు. పిల్లల సర్టిఫికెట్లలో ఆ మార్పు చేయడానికి సి.బి.ఎస్.ఇ. ఒప్పుకోలేదు. ఇంటిపేరు మారిస్తే కులం మార్చినట్టేనని, అది దుర్వినియోగం అవుతుందని వాదించింది. న్యాయమూర్తి మినీ పుష్కర్ణ ఆ వాదనను ఒప్పుకోలేదు. వివక్షకు గురిచేసే కుల గుర్తింపును వదులుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనన్నారు.

మంచి మాటే. కానీ దానికో తోక ఉంది: మారిన ఇంటిపేరును చూపి రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలు పొందకూడదట. అన్నదమ్ములు అడిగింది రిజర్వేషనా? అవమానం తప్పించమని వచ్చినవాళ్లను మోసం చేస్తారేమోనని అనుమానించడం ఎందుకు? రెడ్డి, శాస్త్రి తోకలు తీసేసుకున్న అగ్రవర్ణ అభ్యుదయవాదిని లోకం మెచ్చుకుంటుంది. తోక పోయినా భూమి ఎక్కడికీ పోదు గదా!

అసలు చిక్కు 2021 జూన్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. అదీ సి.బి.ఎస్.ఇ. సర్టిఫికెట్ల గురించే. పేరు భావప్రకటన స్వేచ్ఛలో భాగమని, బోర్డు మొత్తానికే కాదనడం కుదరదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అయితే కోరి పెట్టుకున్న కొత్తపేరుకు కోర్టు డిక్లరేషన్, గెజిట్ ప్రకటన అడగొచ్చంది. కొత్త సర్టిఫికెట్‌లో పాత వివరాలు అట్లాగే ఉంచి, ఎప్పుడు ఏ ఆధారంతో మార్చారో పక్కన రాయొచ్చంది. అక్షరదోషం దిద్దుకునేవాడికి దీంతో నష్టం లేదు. ‘మోచి’ని వదిలించుకున్నవాడి సంగతేంటి? ఇంటర్వ్యూలో కాగితం పెడితే ‘నాయక్’ పక్కనే ‘మోచి’ కనబడుతుంది. దాక్కోబోయాడన్న సాక్ష్యం అదనం.

అదే తీర్పులో ఒక మినహాయింపుంది. తన గతాన్ని రికార్డుల్లోంచి తుడిపించుకునే హక్కు కింద పేరు మార్చుకుంటే పాతపేరు ఉంచక్కర్లేదు. కులనామం వదులుకునేవాళ్ల కేసుల్లో మన వకీళ్లు పట్టుకోవాల్సింది ఈ మినహాయింపునే. ఉత్త ‘పేరు మార్పు’ అడిగితే కులం పక్కకు జరుగుతుందేగాని పోదు.

పేరు బయటపడితే ఏమవుతుందన్నది కాలిఫోర్నియా కోర్టుల ముందుకూ వచ్చింది. సిస్కో కంపెనీలో కులవివక్ష జరిగిందని 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖ కేసు వేసింది. దళిత ఇంజనీరు పేరు గుప్తంగా ఉంచమంది. అతనెవరో కంపెనీకి తెలుసు. దాచమన్నది లోకం నుంచి. కింది కోర్టు కాదంది. 2022 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, కుటుంబం ఎక్కడున్నా దానికి జరగగల హానిని లెక్కలోకి తీసుకోవాలంది. అక్కడ నోరు విప్పితే ఇక్కడ ఇంటిమీదికొస్తుందన్న సంగతిని ఆ కోర్టు పట్టించుకుంది.

అట్లాగని కులం పేరు దాచడమే విముక్తి కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక మనవాళ్లు పేరు చివర ‘మాదిగ’ అని గర్వంగా తగిలించుకున్నారు. తిట్టుగా వాడిన మాట తలెత్తుకునే మాటయింది. ఇందులో వైరుధ్యం లేదు. తీసేసేవాడూ తగిలించుకునేవాడూ అడిగేది ఒకటే, తన పేరు తాను పెట్టుకునే అధికారం. ఇది కోర్టు దయ గాదు, హక్కు.

మా నాయన పేరు కోసం దరఖాస్తు రాస్తున్నాను. పాతపేరు పక్కన రాయొద్దని కూడా అందులో రాస్తున్నాను.