భారతం మిట్ట మీది విద్య

చిత్తూరు ప్రాంతంలో గంగవరం, పలమనేరు, పుంగనూరు మొదలుకొని మదనపల్లె, కుప్పం దాకా, ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో, వేసవిలో సేద్యం పనులు తగ్గిన రోజుల్లో జరిగే ఉత్సవాన్ని జనం క్లుప్తంగా భారతం అంటారు. సాధారణంగా పద్దెనిమిది రోజులు సాగే ఈ ఉత్సవంలో మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. వీటికి కేటాయించిన స్థలమే భారతం మిట్ట. అక్కడ తెల్లవార్లూ ధర్మరాజుగానో కీచకుడిగానో నిలబడే నటుల్లో మడి దున్నేవారు, కూలికి వెళ్లేవారు, బడి ముఖం అంతగా చూడనివారు తరతరాలుగా ఉన్నారు. వారి ప్రతిభను దైవదత్తమని మెచ్చుకొని ఊరుకోవడం పరిపాటి అయినా, ఆ మెప్పు వారి శ్రమను చిన్నబుచ్చుతుంది. ఎందుకంటే ఇది క్రమం తప్పకుండా నేర్పే, తప్పులు దిద్దే, పరీక్షకు నిలబెట్టే విద్య.

నేర్చుకోవడం చెవితో మొదలవుతుంది. నాటకం ప్రతిని గురువో, చదువు వచ్చిన మరొకరో వినిపిస్తుంటే నేర్చుకునేవాడు రాగతాళాలతో సహా వల్లె వేస్తాడు. కాబట్టి కాగితం ఈ సంప్రదాయానికి పరాయిది కాదు గాని, అది ప్రతి నటుడి చేతికీ రావలసిన అవసరం లేదు. పాత్ర పలికేదంతా మూడు విధాలుగా ఉంటుంది: ఛందస్సుకు కట్టుబడిన పద్యం, తాళానికి అమరిన పాట అయిన దరువు, మామూలు మాటల్లో సాగే వచనం. పద్యాన్ని మార్చకూడదు, మరవకూడదు. అందుకు తగిన ఏర్పాటు పద్యంలోనే ఉంది. కంద పద్యంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకే హల్లుగా ఉండాలనే ప్రాస నియమం వల్ల, మొదటి పాదం గుర్తున్నవాడికి మిగిలిన పాదాల ఎత్తుగడ సగం అందినట్టే. పాదం మొదటి అక్షరంతో నిర్ణీత స్థానంలోని అక్షరం జత కుదరాలనే యతి నియమం మాట జారితే వెంటనే చెవికి పట్టిస్తుంది. యతిప్రాసల పేర్లు ఎరగని నటుడు కూడా వాటి ఊతంతోనే పద్యాన్ని మోస్తాడు. వీటిని కవుల కాళ్లకు సంకెళ్లని విసుక్కున్న ఆధునికులు ఈ ఉపయోగాన్ని అంతగా లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

వచనం దగ్గర నటుడికి స్వేచ్ఛ ఉంది. కథ నడక చెడకుండా మాటలను తానే అల్లుకుంటూ, జనం కునుకు తీస్తుంటే హాస్యగాడితో సంభాషణ పెంచి, తూర్పు తెల్లబడుతుంటే తగ్గించి రాత్రిని సరిపెడతాడు. అతడు పాడిన చరణాన్ని వెనకనున్నవారు అందుకొని తిరిగి పాడే వంతపాట వినేవారికి ఇంపు, నటుడికి మాత్రం ఊపిరి పీల్చుకొని తరువాతి మాటను వెతుక్కునే వ్యవధి. కిరీటం, భుజకీర్తులు ధరించి గిరగిర తిరిగే శరీరానికి ఆ వ్యవధి లేకపోతే గొంతు నిలవదు.

ఇలా పాడుతూ అల్లే విద్య వేరే చోటా ఉంది. 1930ల్లో అమెరికన్ పండితుడు మిల్మన్ పారీ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ యుగోస్లావియా పల్లెల్లో వీరగాథలను రికార్డు చేసినప్పుడు, చదవడం రాయడం రాని అవ్దో మెజెదోవిచ్ పాడిన ఒక్క గాథే పన్నెండు వేల పంక్తులు దాటింది. అలాంటి గాయకులు కంఠస్థం చేసింది ఒప్పజెప్పరని, వాడుకలో నలిగిన పదబంధాలతో పాడుతూనే అల్లుతారని లార్డ్ 1960లో వెలువడిన పుస్తకంలో నిరూపించాడు. భారతం నటుడు ఆ అల్లికనూ, చెక్కుచెదరని ధారణనూ ఒకే రాత్రి కలిపి చూపవలసినవాడు కనుక అతడి పని ఒక విధంగా ఇంకా కష్టమైనది. పైగా మధ్యాహ్నం హరికథలో అదే ఘట్టాన్ని విని వచ్చిన ప్రేక్షకులు, ఏటేటా చూసినవారు, ఎదురుగా కూర్చొని ఉంటారు, పరీక్షకులు వారే.

ఈ సంప్రదాయానికి తమిళ వీధినాటకమైన తెరుక్కూత్తుతో దగ్గరి చుట్టరికం ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో పెద్ద భాగం తమిళ ప్రాంతంతో కలిసి ఉన్న ఉత్తర ఆర్కాడు నుంచే వచ్చింది. గుడిలో భారతం వినిపించే ఆచారమైతే ఇంకా పాతది, కాంచీపురం దగ్గరి కూరంలో దొరికిన ఏడో శతాబ్దపు పల్లవ శాసనమే మండపంలో భారత పఠనానికి ఏర్పాటు చేసింది. తెలుగు పల్లెలు ఆ భారతాన్ని తెలుగు పద్యంలో, తెలుగు దరువులో పెట్టుకున్నాయి.

కొన్ని ఘట్టాలకు ఆటస్థలం చాలదు. బకాసుర వధ నాడు భీముడు అన్నం బండెక్కి ఊరంతా తిరుగుతాడు. అర్జున తపస్సు నాడు నటుడు ఎత్తైన మాను ఎక్కుతూ పద్యాలు పాడి, పైనుంచి నిమ్మకాయలు, పూలు విసురుతుంటే సంతానం కోరే స్త్రీలు కింద కొంగు పట్టి నిలుస్తారు. ఎత్తులో పట్టు తప్పకుండా, గొంతు వణకకుండా పాడడం ఏ గ్రంథమూ నేర్పని సాధన. దుర్యోధన వధకు నేల మీద వెల్లకిలా పడుకున్న మహాకాయుడిని మట్టితో మలిచి, తొడలో ఎర్రనీళ్ల కుండను దాచి ఉంచుతారు. వేషాలతో భీమ దుర్యోధనులు ఆ విగ్రహం చుట్టూ పోరాడాక భీముడు తొడ పగలగొడతాడు, ద్రౌపది ఆ ఎరుపును పూసుకొని జుట్టు ముడుస్తుంది, సాయంత్రం భక్తులు అగ్నిగుండం తొక్కుతారు, ధర్మరాజు పట్టాభిషేకంతో ఆ ఏటి భారతం ముగుస్తుంది.