తెల్ల లైటు వెలిగిందా?

ఈ వారం నాకు ఒళ్ళు మండించిన మనిషి పేరూ తెలీదు, ఊరూ తెలీదు. మా మేనల్లుడు విజయవాడలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. మొన్న పొద్దున్నే సెల్లార్లోంచి తీద్దామంటే రివర్స్ పడలేదట. షెడ్డుకి ఫోన్ చేస్తే, బండిని కళ్ళజూడకుండానే, "గేర్‌బాక్స్ దించాల్సిందేనండీ, పాతికవేలు దగ్గర పెట్టుకోండి" అనేశాడట అవతలాయన.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా చాదస్తం కొత్త కాదు. మిక్సీ గురించీ, బోరు మోటారు గురించీ రాసి రాసి మిమ్మల్ని విసిగించాను: విప్పడం ఆఖరి పని, పానా కంటే ముందు చెవి పనిచెయ్యాలి. అందుకే వాడికి ఫోన్లోనే పరీక్ష పెట్టాను.

"ఇంజను ఆపెయ్యి. క్లచ్ తొక్కు. ఇప్పుడు వెయ్యి."

"పడింది మావయ్యా!"

"స్టార్ట్ చేసి వెయ్యి."

గర్రుమన్న చప్పుడు ఫోన్లోంచి నాదాకా వచ్చింది. చాలు, సగం సంగతి తేలిపోయింది.

ముందుకెళ్ళే గేర్ల పళ్ళు ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. వాటి వేగాలు కలపడానికి సింక్రో రింగులుంటాయి. 1928లో కాడిలాక్ ఆ ఏర్పాటు తెచ్చేదాకా గేరు మార్చడమే ఒక విద్య. రివర్స్‌కి మాత్రం చాలా మాన్యువల్ కార్లలో ఆ సుఖం లేదు. ఐడ్లర్ అనే చిన్న పళ్ళచక్రం పక్కకి జరిగి రెండు గేర్ల మధ్య దూరితేనే తిరిగే దిక్కు మారుతుంది. దాని పళ్ళు నిటారుగా కోసినవి. వెనక్కి వెళ్ళేటప్పుడు వినపడే ఆ మూలుగు వాటిదే. లోపల షాఫ్టు ఆగి ఉంటేనే అది సాఫీగా దూరుతుంది. తొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోకపోతే షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, పళ్ళూ పళ్ళూ కొట్టుకుంటాయి. ఇంజను ఆపితే పడి, నడుస్తుంటే పడకపోతే ముందు అనుమానించాల్సింది క్లచ్‌నే: కేబుల్ సాగిందా, హైడ్రాలిక్ అయితే ఆయిల్ కారుతోందా అని. ఒక్కోసారి ఏ లోపమూ లేకుండానే పంటికి పన్ను అడ్డుపడి ఆగుతుంది. క్లచ్ వదిలి మళ్ళీ తొక్కినా, ఒకసారి ఫస్ట్‌లో వేసి తీసినా అది పోతుంది.

ఇంజను ఆపినా పడలేదంటే వేరే కథ. గేరు కేబుల్ చివరి ప్లాస్టిక్ బుష్షో, లింకేజీయో చూడాలి. గేరు రాడ్డు రివర్స్‌లో కూర్చున్నా బండి కదలకపోతే వెనకాల తెల్ల లైటు చూడమంటాను. చాలా కార్లలో దాని స్విచ్చి గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. లైటు వెలిగిందంటే లోపల సెలెక్టర్ దాదాపు తన చోటికి చేరినట్టే. ఇక గొడవ ఐడ్లర్ దగ్గరో, దాన్ని జరిపే ఫోర్కు దగ్గరో.

ఇవన్నీ నాకు తెనాలిలో మా బాబాయి కారు నేర్పింది. కారు పేరెందుకు, అప్పట్లో ఉన్నవే రెండు మూడు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన. స్టీరింగు కాండం అడుగున రెండు లివర్లు, వాటి నుంచి గేర్‌బాక్స్‌కి రెండు కడ్డీలు, చివర్లలో బుష్షులు. అవి అరిగి లివర్లు ఒకదానికొకటి తప్పితే గేరు బిగుసుకుపోయేది. బాబాయి పంచె ఎగ్గట్టి, బానెట్ లేపి, స్క్రూడ్రైవర్‌తో లివర్లని ఒక వరసకి తెచ్చి, చేతులు పంచెకే తుడుచుకుని వచ్చి కూర్చునేవాడు. పిన్ని ఏమీ అనేది కాదు. పంచె మాత్రం విడిగా నానబెట్టేది.

కొన్నాళ్ళకి రివర్స్ సగమే పడసాగింది. ఆయన మేస్త్రి దగ్గరికి వెళ్ళలేదు, వీలైనంతవరకూ రివర్స్‌తో పని లేకుండా బతకడం నేర్చుకున్నాడు. పెళ్ళికెళితే కారు రోడ్డుకి మొహం పెట్టే ఆగేది. సందులోకి దూరాల్సిన చుట్టాల ఇళ్ళకి నడిచే వెళ్ళేవాళ్ళం. గుంటూరులో సినిమాకి వెళితే అరగంట ముందే బయల్దేరాలి, గేటు పక్క చోటు కోసం. ఎవరైనా ఎగతాళి చేస్తే ఫోర్డ్ మోడల్ టీ కథ చెప్పేవాడు: దాని సీటు కింద ట్యాంకులోంచి పెట్రోలు తనంతట తానే ఇంజనుకి దిగాలి కాబట్టి, నిటారు గుట్ట వస్తే కారుని తిప్పి వెనక్కి ఎక్కించేవాళ్ళట. నిజమే, పైగా రివర్స్ దానికి బలమైన గేరు కూడా. వాళ్ళు రివర్స్‌లో కొండెక్కారు, నేను రివర్స్ లేకుండా జిల్లా తిరుగుతున్నాను అనేవాడు.

ఆఖరికి గేర్‌బాక్స్ విప్పిన రోజు నేనూ ఉన్నాను. మేస్త్రి కిరసనాయిల్లో కడిగి ఐడ్లర్‌ని నా అరచేతిలో పెట్టాడు. పళ్ళ అంచులు ఒకవైపే విరిగి ఉన్నాయి. తప్పక రివర్స్ వేసిన ప్రతిసారీ సగమే దూరుతూ, సగం పంటి మీదే కారు బరువంతా మోసింది మరి. రూపాయల్లో పోయే బుష్షు గేర్‌బాక్స్ దాకా తెచ్చింది. బాబాయి తెలివికి మేం మురిసిపోయిన ఆ రోజులన్నిట్లోనూ లోపల జరుగుతున్నది అదే.

అది గుర్తొచ్చి మేనల్లుణ్ణి అడగాల్సింది అడిగాను. "ఎన్నాళ్ళ నుంచిరా ఇది?"

"ఉగాది ముందు నుంచీ గర్రుమంటోంది మావయ్యా. గట్టిగా లాగితే పడేది."

"షెడ్డాయనకి అది చెప్పావా?"

"రివర్స్ పడట్లేదని చెప్పాను."

అంతే చెప్పాడు. ఇంజను ఆపితే పడుతుందని చెప్పలేదు, చప్పుడు సంగతి చెప్పలేదు. ఇలా నెలల తరబడి బలవంతంగా లాగి, ఇక కుదరక వచ్చేవాళ్ళనే రోజూ చూసే మనిషి ఆయన. ఆయన నోట 'గేర్‌బాక్స్' అన్న మాట ఊరికే రాలేదు. నా కోపం అక్కడితో దిగిపోయింది. పరీక్ష ముందు కారెక్కేవాడే చెయ్యాలి, షెడ్డుకి రోగం పేరు కాదు, లక్షణాలు మోసుకెళ్ళాలి.

నిన్న క్లచ్ కేబుల్ సరిచేయించాడు. ఇంజను నడుస్తుండగానే రివర్స్ చప్పుడు లేకుండా పడుతోంది. కానీ సెల్లార్ ర్యాంప్ మీద వెనక్కి ఎక్కుతుంటే రాడ్డు దానంతటదే ఎగిరి న్యూట్రల్‌కి వచ్చేస్తోందట. లింకేజీ కూడా చూశారు, అందులో లోపం లేదు. గేర్‌బాక్స్ దించాల్సిందే. దించాక ఐడ్లరూ, దాని షాఫ్టూ, ఫోర్కూ కళ్ళారా చూడమన్నాను. ఎలాగూ కిందికొస్తోంది కాబట్టి క్లచ్ ప్లేటూ, రిలీజ్ బేరింగూ కూడా చూపించుకోమన్నాను. ఆయిల్ మాత్రం కారు పుస్తకంలో ఉన్న గ్రేడే పోయించాలి. జీఎల్-4 అని రాసి ఉంటే, మంచిదని ఎవరు చెప్పినా జీఎల్-5 వద్దు, ఇత్తడి సింక్రో రింగులకి ఆ రకం ఆయిళ్ళలో కొన్ని పడవు.