నాగార్జునకొండ విహార శిథిలాలు: చోటు మారిన సాక్ష్యం

నాగార్జునకొండ ద్వీపంపై నేడు కనిపించే బౌద్ధ కట్టడాలను తవ్వకాల్లో బయటపడినచోటే ఉన్నట్లు వర్ణించే వ్యాసాలు అరుదు కావు. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954–60 మధ్య తవ్విన లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది; ఎంపిక చేసిన కట్టడాలనే కొండమీదా, అనుపులోనూ పునర్నిర్మించారు. రూపురేఖలు దక్కాయి గాని ఇరుగుపొరుగు దక్కలేదు.

ఆ నష్టం ఎంతటిదో ఉపాసిక బోధిసిరి ప్రాకృత శాసనం తెలుపుతుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరం నాటి ఈ శాసనం శ్రీపర్వతాన్ని విజయపురికి తూర్పున పేర్కొంటుంది. చుళధమ్మగిరి విహారంలో చైత్యగృహం, సీహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, పుబ్బసేలలో తటాకం, మహాధమ్మగిరిలో ఒక గది, దూరాన కంటకసేలలో (నేటి ఘంటసాల) శిలామండపం ఆమె కట్టించింది. ఆమె రాణి కాదు, గృహిణి. అయినా ఆమె దానం ఒక్క ఆవరణలో ఇమడలేదు. ఈ శిథిలాలన్నిటినీ కలిపి ‘ప్రాచీన విశ్వవిద్యాలయం’ అనే వాడుక ఈ వైవిధ్యాన్ని మరుగుపరుస్తుంది. వేర్వేరు శాఖల భిక్షువులకు వేర్వేరు విహారాలున్నట్లు అక్కడి శాసనాలే చెబుతున్నాయి. కనుక కొండమీది కట్టడం నుంచి దిశ, ఎత్తు, పొరుగు కట్టడాల దూరం నిర్ణయించే పరిశోధకుడు ముందుగా తవ్వకాల నాటి పటాన్ని సరిచూడవలసి ఉంటుంది.